ఇచ్చుటకు వెళ్లినవాడు పుచ్చుకొనవలెనా?



యౌవనస్థులు కొందరు ఒక ఏడాది పరదేశమునకు వెళ్లి సేవ చేసివచ్చుట ఈ దినములలో వినుచున్నాము. జర్మను ప్రభుత్వము 2008లో తన యౌవనస్థులను మనవంటి దేశములకు పంపుటకు ‘వెల్ట్‌వెర్ట్స్’ అను పథకము నేర్పరచెను. 2013 నుండి మనవంటి దేశముల యౌవనస్థులును అక్కడికి వెళ్లి పనిచేయుటకు వీలు కలిగెను. దీనిని ఇచ్చిపుచ్చుకొను సేవ అనవచ్చును. ఇచ్చుట సంగతి అందరికి తెలియును. పుచ్చుకొనుట సంగతినే ఈ నెల మేము ఆలోచింపదలచితిమి.

కొత్త పట్టణములో దిగిన యౌవనస్థుని తలంచుకొనుడి. సేవ చేయవలెనను ఆశ గుండెనిండ ఉన్నది. అయితే మొదటి వారములో అతడేమి చేయగలడు? బస్సు ఏ మూల నిలుచునో తెలియదు. రొట్టె కొనుటకు నోట మాట లేదు. వీధిలోని చిన్నపిల్లలు దారి చూపవలెను. ఇంటివారి చేతులు చూచి అన్నము తినుట నేర్చుకొనవలెను. సేవకుడుగా వచ్చినవాడు పసిబిడ్డయైపోవును. ఇవి సేవ మొదలుకాకముందు వ్యర్థముగా పోవు దినములని చాలమంది యెంచుదురు. మాకు అట్లు తోచుటలేదు.

ఇందుకు రెండు పట్టణముల సంగతి చెప్పెదము.

ఇంగ్లాండు నడుమ కావెంట్రీ అను కర్మాగారముల పట్టణమున్నది. 1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానములు దానిపై బాంబులు కురిపించెను. 500 మందికి పైగా చనిపోయిరి. ప్రాచీనమైన పెద్ద దేవాలయము కాలిపోయి గోడలును గోపురమును మాత్రము మిగిలెను. ఒక ఊరిని నేలమట్టము చేయుట అని చెప్పుటకు జర్మను ప్రచారకులు ఆ పట్టణము పేరునుండియే ఒక క్రియాపదము పుట్టించిరి. ఆ దేవాలయపు పెద్దగురువైన రిచర్డు హోవర్డు గారు పాడైన బలిపీఠము వెనుక గోడమీద “తండ్రీ, క్షమించుము” అని చెక్కించిరి. ‘వీరిని’ అను మాట అందులో లేదు.

1958లో జర్మనీ సంఘముల మహాసభలో లోథర్ క్రైసిగ్ గారు ఒక పిలుపునిచ్చిరి. ఆయన న్యాయాధిపతిగా నుండినవారు. హిట్లరు దినములలో మతిలేని రోగులను ప్రభుత్వమే చంపించుచుండగా ఎదిరించి, ఆ పదవి పోగొట్టుకొనినవారు. ఆయన పిలుపులో ఒక సంగతి గమనింపదగినది. మేము వచ్చి మీకు సహాయము చేసెదమని ఆయన అనలేదు. మావలన బాధపడిన జనములారా, మీ దేశములో మా చేతులతో కొంచెము మేలు చేయుటకు మాకు సెలవిండని అడిగిరి. మేలు చేయుటకు సెలవెందుకు? ఎందుకనగా మేలు చేయుటలో కూడ పెత్తనమున్నది. ఇచ్చువాని చెయ్యి పైన ఉండును, పుచ్చుకొనువాని చెయ్యి క్రింద ఉండును. బాధపెట్టిన చెయ్యి మరల పైచెయ్యిగానే వచ్చినయెడల అది మేలుగా కనబడునా?

1961లో కొందరు జర్మను యౌవనస్థులు కావెంట్రీకి వచ్చి, ఆ పాడైన దేవాలయములోని గదులను బాగుచేయు పనిలో దిగిరి. ఆ యేట 20 ఏండ్లవాడు 1941లో పుట్టినవాడు. బాంబులు పడిన రాత్రికి అతడు పుట్టనేలేదు. తండ్రుల దోషము కుమారులు మోయరని యెహెజ్కేలు ప్రవక్త వ్రాసెను. అది సత్యమే. అయినను అంగడిలో నోరు తెరచినంతనే అతని భాష అతనిని పట్టియిచ్చును. ఎదుటనున్న ఆమె భర్తను ఏ రాత్రి పోగొట్టుకొనెనో అతనికి తెలియదు. ఆమె చేతినుండియే అతడు రొట్టె తీసికొనవలెను. రాళ్లు మోయుటకంటె ఇది కష్టమని మా తలంపు.

తరువాత వంతు కావెంట్రీవారిది. 1945 ఫిబ్రవరిలో బ్రిటిషు, అమెరికా విమానములు జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణమును కాల్చివేసెను. సుమారు 25,000 మంది చచ్చిరని చరిత్రకారులు నిర్ణయించిరి. 1965లో కావెంట్రీ నుండి యౌవనస్థులు అక్కడికి వెళ్లి, బాంబులకు కూలిన క్రైస్తవ పరిచారికల ఆసుపత్రిని తిరిగి కట్టుటలో పనిచేసిరి. అప్పటికి బెర్లిను గోడ లేచి నాలుగేండ్లాయెను. డ్రెస్డెన్ ఆవలి ప్రక్కది. 500కు 25,000 ఎట్లు సరిపడును? ఇటుకలతో ఆ లెక్క తీరదు.

ఇక్కడ ఒకరు మమ్మును అడుగవచ్చును: “అంతదూరపు టిక్కెట్టు సొమ్ముతో అక్కడి తాపీమేస్త్రీకే ఎన్నో దినములు కూలి ఇచ్చియుండవచ్చును గదా? మేస్త్రీ పని ఈ పిల్లల పనికంటె గట్టిది.” నిజమే. గోడ మాత్రమే కావలసియుండిన ఆ లెక్క సరియైనది. కొందరు పిల్లలు ఊరు చూచుటకే వెళ్లుదురు. అదియు పెద్ద పాపమేమి కాదు. అయితే డబ్బు ఒకరియింట భోజనము చేయలేదు. డబ్బు దారి తప్పి ఒకరి తలుపు తట్టలేదు.

ఇది మన పల్లెలవారికి వివరించి చెప్పనక్కరలేదు. మన పెద్దలు ఎరిగిన దాతలు అనేకులు. బట్టలు పంచిరి, బియ్యము పోసిరి, మంచి మాటలును చెప్పిరి. మన గుమ్మములో ఒక్క చెంబెడు నీళ్లు మాత్రము పుచ్చుకొనలేదు. ఆ బియ్యము తిన్నాము గాని, ఆ త్రాగని నీళ్లు నేటికిని మరువలేదు.

యాకోబు బావియొద్ద మన ప్రభువు చేసినది దీనికి ఎదురు. జీవజలమిచ్చువాడు ముందు దాహమునకు అడిగెను, అదియు తన జనులు ముట్టని సమరయ స్త్రీని. యిర్మీయా బబులోనుకు వ్రాసిన పత్రికను కూడ తలంచుకొనుడి. చెరపట్టిన పట్టణములోనే ఇండ్లు కట్టుకొనుడని, దాని క్షేమము కొరకు ప్రార్థింపుడని, దాని క్షేమమే మీ క్షేమమని వ్రాసెను. కొత్త ఊరిలో స్థిరపడుట అనగా ఇదే గదా: నా మేలు ఈ ఊరివారి చేతిలో ఉన్నదని ఒప్పుకొనుట.

ఇక మనయొద్దకు వచ్చు యౌవనస్థుల సంగతి. దొరబిడ్డలని వారిని కుర్చీలో కూర్చుండబెట్టి, మన కూడు వారికి పడదని వేరుగా వండించి, మూడవ దినమున దండవేసి సాగనంపుదుము. ప్రేమతోనే చేయుదుము. ఈసారి ఒక బిందె వారి చేతికిచ్చి పంపుమీదికి పంపుడి. ఒలికించుదురు, పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు.

భోజనమునకు సంఘములో వంతులు వేయునపుడు పేద విధవరాలి ఇల్లు విడిచిపెట్టుట మన అలవాటు, ఆమెకు భారమగునని. పరదేశియైన ఏలీయా సారెపతులో నీళ్లును రొట్టెయు అడిగినది, కడపటి పిండి మిగిలియున్న విధవరాలిని. మనమైతే ఆమె తరపున మనమే కాదని చెప్పివేయుచున్నాము. ఆమెను అడుగుటయే లేదు.