శత్రువు తల్లి కన్నీరు



మనల్ని నాశనం చేయ వచ్చినవాడు ఓడిపోయి ఏడుస్తుంటే మనం సంతోషించాలా, జాలిపడాలా? ఈ ప్రశ్నను దాదాపు 2,500 ఏళ్ల క్రితం ఏథెన్సు నగరంలో ఒక నాటకం ప్రజల ముందుంచింది.

క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి క్సెర్క్సీస్ గ్రీకు దేశంపై దండెత్తి ఏథెన్సును తగులబెట్టాడు. ఆ ఏడాదే సలామిస్ వద్ద గ్రీకు నౌకలు అతని నౌకాదళాన్ని చిత్తు చేశాయి. ఎనిమిదేళ్ల తరువాత ఈస్కిలస్ అనే కవి 'పర్షియన్లు' నాటకాన్ని ప్రదర్శించాడు. పర్షియన్లను ద్వేషించడానికి అతనికి కారణం లేకపోలేదు. క్రీ.పూ. 490లో మారథాన్ వద్ద అతడు స్వయంగా వారితో పోరాడాడు. అతని సోదరుడు అక్కడే ప్రాణం విడిచాడు.

అయినా ఆ నాటకంలో ఒక్క గ్రీకు వీరుని పేరైనా వినిపించదు. కథంతా శత్రువు రాజధాని సూసాలోనే జరుగుతుంది. పీడకలతో కలత చెందిన రాజమాత కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. దూత వచ్చి చనిపోయిన సేనానుల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతాడు. చివరకు చక్రవర్తి చిరిగిన బట్టలతో ఇల్లు చేరుతాడు. తగలబడిన తమ ఇళ్లను తిరిగి కట్టుకున్న ఏథెన్సు ప్రజలు ఇదంతా చూసి, ఈ నాటకానికి ప్రథమ బహుమతి ఇచ్చారు.

అది జాలియేనా? లేక విజయగర్వమా? పండితులు నేటికీ వాదిస్తూనే ఉన్నారు. ఆ సందేహానికి ఆధారం లేకపోలేదు. అంతకు ముందు ఫ్రినికస్ అనే కవి, పర్షియన్ల చేతిలో నాశనమైన తమ మిత్రనగరం మిలేటస్ గురించి నాటకం వేస్తే ప్రేక్షకులు బోరున ఏడ్చారు. తమ సొంత దుఃఖాన్ని గుర్తుచేశాడని అతనికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేశారు! తమ దుఃఖాన్ని చూపినవానికి శిక్ష, పరాయివాని దుఃఖాన్ని చూపినవానికి బహుమతి.

ఈస్కిలస్ అంతటితో ఆగలేదు. మరణించిన తండ్రి డరియస్ ఆత్మచేత, ఈ పతనానికి మూలం కొడుకు అహంకారమేనని చెప్పించాడు. సముద్రంపై వంతెన కట్టి, మానవుని హద్దు మరచాడని నిందింపజేశాడు. ఆ మాట పర్షియాకే కాదు, గెలిచిన ఏథెన్సుకు కూడా హెచ్చరికే. ఏథెన్సు దానిని చెవిన పెట్టలేదు. క్రీ.పూ. 415లో తానే సిసిలీ ద్వీపంపైకి మహా నౌకాదళాన్ని పంపింది. రెండేళ్లలో ఆ దళం సర్వనాశనమైంది. ఈసారి ఏడ్చింది ఏథెన్సు తల్లులు.

ఎత్తున నిలబడి కిందికి చూస్తూ పడే జాలి వేడుకతో సమానం. 'రేపు అక్కడ నేనే ఉండవచ్చు' అని గుర్తించినప్పుడే అది నిజమైన కరుణ అవుతుంది.

పొలం గట్టు తగాదాలో కోర్టు తీర్పు మీకు అనుకూలంగా వచ్చిన రోజున, ఓడిన పొరుగువాని ఇంటివైపు ఒక్కసారి చూడండి. అక్కడ కూడా ఒక తల్లి తన కొడుకు కోసం వాకిట్లో ఎదురుచూస్తూ ఉంటుంది.