గోడలు మిగిలిన ఊరు, మనుషులు మిగిలిన ఊరు

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారి రథం 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతైన సంగతి కోనసీమవారికి నేను చెప్పనక్కర్లేదు. 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం సిద్ధమైంది. కలప కొత్తది, చేసిన చేతులు కొత్తవి. అయినా తాడు పట్టి లాగినవారిలో ‘ఇది ఆ రథమేనా?’ అని సందేహించినవారున్నారని అనుకోను. ప్లూటార్కు చెప్పిన థీసియస్ ఓడ కథలో ఇదే చిక్కు ఉంది. పుచ్చిన చెక్కలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే ఆ ఓడ పాతదా, కొత్తదా? సెమినరీలో దీనిమీద గంటల తరబడి వాదించుకునేవాళ్లం. సఖినేటిపల్లి రేవులో పడవ నడిపేవాణ్ణి అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఒక ఊరి విషయంలో మాత్రం ఇది నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు.

పాఠకులారా, మీలో ఎవరైనా లూర్దు యాత్రకు వెళితే, వీలు చూసుకుని తూర్పుగా కర్కసోన్ దాకా వెళ్లి రండి. కొండమీద రెండు వరుసల కోటగోడలు, 52 బురుజులు, మధ్యయుగం నాటి పట్టణం. నిన్ననే కట్టినట్టుంటుంది. ఆ మాటలో కొంత నిజమూ ఉంది. శిథిలమైపోయిన ఆ కోటను కూల్చి రాళ్లు వాడుకోవచ్చని 1850లో ప్రభుత్వమే తలపెట్టింది. స్థానికులు అడ్డుపడ్డారు. 1853 నుండి వియొలె-ల-ద్యూక్ అనే వాస్తుశిల్పి పునరుద్ధరణ చేపట్టాడు. బురుజుల మీద కోసుగా పలకరాతి కప్పులు లేపాడు. అవి ఉత్తరాది పద్ధతి, ఈ దక్షిణ ప్రాంతానివి కావని పండితులు తప్పుపట్టారు. కొన్నిటికి తర్వాత పెంకులు మార్చారు కూడా. 1997లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కప్పుల తగాదా నన్నంతగా కలవరపెట్టదు. ఆ రెండు గోడల నడుమ ఒకప్పుడు పేదలు, నేతపనివారు గోడకు ఆనించి ఇళ్లు కట్టుకుని బతికేవారు. కోట అందంగా కనబడాలని ఆ ఇళ్లన్నీ తీసేశారు, వాళ్లను బయటికి పంపేశారు. బండారులంక మగ్గాల చప్పుడు ఎరిగిన మీకు ఆ తర్వాతి నిశ్శబ్దం ఎలాంటిదో వేరే చెప్పాలా? నేడు ఆ గోడల మధ్య నడిచేది యాత్రికులు.

గోడ కట్టినంత మాత్రాన ఊరు కాదని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. ఒక దేశమంతటి చుట్టూ గోడ కట్టొచ్చు, అది ఒక పట్టణం అయిపోతుందా? కలిసి బతికే తీరులోనే ఊరి ఊపిరి ఉందని ఆయన భావం. ఆ లెక్కన కర్కసోన్‌లో దేన్ని పునరుద్ధరించినట్టు?

మన ఓరుగల్లు దీనికి పూర్తిగా తలకిందులు. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలాన లేచిన రాతికోట అది. దాని వెలుపల మట్టికోట. 1323లో ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. నడిమి గుడి నేలమట్టమైంది. నాలుగు తోరణాలు నిలిచాయి, చెక్కిన రాళ్లు నేటికీ వాటి మధ్య పడున్నాయి. వాటికి ఎవరూ కొత్త కప్పు లేపలేదు. కానీ ఖిల్లా వరంగల్‌లో జనం ఉన్నారు. కోట లోపలే ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. పిల్లలు కోట ద్వారం గుండానే వస్తూ పోతూ ఉంటారు.

పునరుద్ధరణే వద్దని నా వాదన కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయికీ గుర్తుపెట్టి విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో తెరిచారు. ఎన్నో ఏళ్లు పట్టింది. మెచ్చుకోవలసిన పనే. అక్కడ ఎవరి పొయ్యీ ఆర్పలేదు.

కోటలోని ఇళ్ల సంగతి వేరు. 2010 నాటి చట్ట సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. పాత ఇంటి మరమ్మతుకైనా అనుమతి తెచ్చుకోవాలి. ఆ చట్టం లేకుంటే తోరణాల పక్కనే నాలుగంతస్తులు లేచేవి, కాదనను. అయితే వానాకాలం ముందు కారుతున్న ఇంటికప్పు సరిచేసుకోవడానికి కాగితం పట్టుకుని కార్యాలయం మెట్లెక్కే మనిషిని కూడా ఓరుగల్లు వారసత్వంలో లెక్కించాలా వద్దా? తోరణాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు అతని ఇంటివైపు కూడా ఒకసారి చూడండి.