అత్త పెరటి మట్టి

గన్నవరం దగ్గర పల్లపు పొలంలో వేసిన వెంచర్‌లో ఒకాయన ఇల్లు కట్టుకున్నాడు. స్థలం రోడ్డుకన్నా లోతుగా ఉందని లారీలకొద్దీ ఎర్ర గ్రావెల్ పోయించి మెరక చేయించాడు. గృహప్రవేశం అయ్యాక, ఇంటి వెనక మిగిలిన రెండు సెంట్లలో కూరగాయలు పండించాలని ఆశపడ్డాడు. బెండ గింజలు పెడితే జానెడు లేచి పసుపెక్కాయి. ఆనపపాదు తీగ సాగకముందే ముడుచుకుపోయింది. గునపం వేస్తే ఖంగుమనే నేల అది.

ఆయన మేనత్త ఏలూరు కాలువ పక్కనున్న ఊళ్ళో ఉంటుంది. ఆమె పెరట్లో కాసే బీరకాయలు, చిక్కుళ్ళు ఇరుగుపొరుగుకు పంచినా ఇంకా మిగిలేవి.

"అత్తా, నీ పెరట్లో మట్టి ఒక ట్రాక్టర్ తవ్వుకుపోనా?" అని అడిగాడు మేనల్లుడు.

"మట్టేగా! తీసుకుపోరా" అంది ఆమె.

మూరెడు లోతు తవ్వించి ట్రక్కు నింపుకెళ్ళాడు. ఆ మట్టి పిడికిట్లో పిండితే ముద్దయ్యేది, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయేది. గ్రావెల్ మీద దాన్ని పరిచిన ఆ చలికాలం వంగ విరగకాసింది. తోటకూర కోసినకొద్దీ చిగిర్చింది. ఇంట్లోవాళ్ళు రోజూ పొద్దున్నే రాలిన ఆకు ఒక్కటి లేకుండా పెరడు ఊడ్చి, ఆ చెత్తనూ వంటింటి తొక్కలనూ కలిపి చెత్తబండికి వేసేవాళ్ళు. పెద్ద కుప్పయితే ఆయనే గేటు బయట తగలబెట్టేవాడు. పెరడు ఎంత శుభ్రంగా ఉందోనని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఎండలు ముదిరాయి. రోహిణి కార్తె దాటేసరికి మట్టి పెచ్చుకట్టి నెర్రెలు తీసింది. తొలకరికి వేసిన బెండ మోకాలెత్తు కూడా రాలేదు. యూరియా చల్లాడు. ఆకు నల్లగా, ఏపుగా వచ్చింది, దాని వెంటే పేనుబంక వచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ ట్రాక్టర్ వేసుకుని అత్త ఊరు బయల్దేరాడు.

అక్కడ తను తవ్విన గొయ్యి కనిపించలేదు. ఆ చోట కంద, చేమ గుబురుగా లేచి ఉన్నాయి.

"ఇంత మట్టి ఎక్కడినుంచి తోలించావత్తా?"

"తోలించడానికి నాకు ట్రాక్టరేదిరా! వరిగడ్డి తుక్కు, పాకలో పేడ, కూరగాయల తొక్కలు, మునగ రొట్ట, అన్నీ అందులోనే వేశాను. మధ్యమధ్య నాలుగు తట్టలు చెరువుమట్టి. ఆపైన జనుము చల్లి, పూతకు రాగానే కోసి కలిపేశాను."

"మరి నేను తీసుకెళ్ళిందీ ఇక్కడి మట్టేగా! అదెందుకు అలా అయిపోయింది?"

"దానికి ఏం పెట్టావు?"

"పెట్టడమేమిటి? నీళ్ళు పోశాను. యూరియా వేశాను."

"ఆకులూ తొక్కలూ?"

"చెత్తబండికి వేశాం."

"పాడిగేదెను తోలుకుపోయావు గానీ, మేత సంగతి అడగలేదురా అల్లుడూ. దాని మేతంతా రోజూ నీ చేత్తోనే గేటు దాటించావు" అంది అత్త. మట్టికి బదులు ఉత్త తట్ట ఒకటి అతని చేతికిచ్చింది.

నీతి: మంచి నేల ఒకసారి తెచ్చి పోసుకుంటే ఉండిపోయే సరుకు కాదు. ఇంట్లో తినగా మిగిలిందీ, చెట్టు నుంచి రాలిందీ తిరిగి దాన్ని చేరుతున్నంత కాలమే అది మంచి నేల.

నేలలో అక్షరాలా జరిగేది ఇదే. అత్త పెరటి మట్టి గుల్లగా ఉండటానికి కారణం అందులో బతికే ప్రాణులు. ఆకూ అలమూ తినే బాక్టీరియా, బూజులు విడిచే జిగురు మట్టి రేణువులను చిన్నచిన్న గుళికలుగా పట్టి ఉంచుతుంది. ఆ గుళికల సందుల్లోనే గాలి ఆడుతుంది, నీరు నిలుస్తుంది. వానపాములు నేలను తిని, తిరగేసి, కొత్తచేస్తాయని డార్విన్ 1881లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఈ ప్రాణులకు తిండి ఆగితే జిగురు ఆగుతుంది, గుళిక విడిపోతుంది, నేల పెచ్చుకడుతుంది. మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం చలిదేశాల్లోకన్నా చాలా వేగంగా హరించుకుపోతుంది. అందుకే మన దగ్గర నేలకు తిండి ఎక్కువ కావాలి, తరచుగానూ కావాలి. యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది, మొక్కకు అందుతుంది. నేలలోని ప్రాణులకు కావలసిన ఆకూ గడ్డీ అందులో లేవు.

కృష్ణా డెల్టా కూడా ఇలా మేపిన నేలే. వేల ఏళ్ళు కృష్ణమ్మ వరదతో ఒండ్రు తెచ్చి పోసింది. 1855 నాటి ఆనకట్ట, ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజి కాలువలకు నీళ్ళిచ్చాయి. పైన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టాక ఒండ్రులో చాలా భాగం ఆ జలాశయాల్లోనే ఆగిపోతోంది. నీళ్ళు వస్తున్నాయి, మేత రావడం లేదు. అందుకే, కోతలయ్యాక వరిగడ్డికి నిప్పు పెట్టిన చేలు చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

నేలను మేపడమెలాగో ఆంధ్రప్రదేశ్‌లో లక్షల మంది రైతులు తమ పొలాల్లో చేసి చూపిస్తున్నారు. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ముఖ్యమైన సూత్రం నేలను ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉంచడం. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లేది అందుకే. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. నేలల శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ దాన్ని పంచుకున్నవారు.

పొలంలో సాధ్యమైంది పెరట్లో ఇంకా తేలిక. గ్రావెల్ పోసిన చోటైతే ముందు గునపంతో మూరెడు లోతు వదులు చేయండి. చెరువుమట్టి తెచ్చుకుంటే తప్పేమీ లేదు, తెచ్చి వదిలేయడమే తప్పు. ఒక మూల గొయ్యి తీసి, తడి తొక్కలు ఒక తట్ట వేస్తే ఎండుటాకులు రెండు మూడు తట్టలు వేయండి. ఎండుది తక్కువైతే కుళ్ళి కంపుకొడుతుంది, మరీ ఎక్కువైతే చివకదు. నూనె కూరలు, ఎముకలు వద్దు. పచ్చిపేడ నేరుగా మొక్క మొదట్లో వేస్తే వేరు మాడుతుంది, మాగనివ్వాలి. తొలకరికి జనుము చల్లండి, నీరు నిలిచే చోటైతే జీలుగ. నలభై అయిదు రోజులకు, పూత మొదలవగానే కోసి మట్టిలో కలపండి. ఎండాకాలం మట్టి తడిగా ఉన్నప్పుడే వరిగడ్డి పరచండి, కాండానికి కాస్త దూరంగా. మొదటి ఏడు గోంగూర, బచ్చలి, మునగ చాలు. వంగ, టమాటా తిండి ఎక్కువ అడిగే పంటలు, వాటిని మట్టిలో వానపాములు కనపడ్డాకే పెట్టుకోండి.