మీ కాటా జీరోలో ఉందా?

ఈ వారం వీడియోలో జాజలి, తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. చూడనివాళ్ల కోసం ముందు కథ రెండు ముక్కల్లో.

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. జాజలి గొప్ప తపస్వి. కట్టెలా కదలకుండా నిలబడితే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని కూడా పెంచుకున్నాయి. ఆ పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. అప్పుడు "ధర్మాన్ని సాధించేశాను" అనుకున్నాడు. వెంటనే ఆకాశం నుంచి మాట వినిపించింది: "కాశీలో తులాధారుడని ఒక వ్యాపారి ఉన్నాడు. నువ్వు ఆయనకి సాటి రావు" అని.

జాజలికి రోషం వచ్చింది. వెతుక్కుంటూ వెళ్తే, అంగట్లో సరుకులు అమ్ముకుంటున్న ఒక మనిషి కనిపించాడు. ఆయన చెప్పింది చాలా మామూలు సంగతి. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ మోసం చెయ్యను, నా త్రాసు అందరికీ ఒక్కటే అని.

ఇప్పుడు ఈ కాలానికి వద్దాం. మన చానల్ చూసే ఒక ఎంబీఏ అమ్మాయి నాకు చెప్పిన విషయమిది. నలుగురు స్టూడెంట్స్‌కి సెమిస్టర్ ప్రాజెక్టు ఇచ్చారు. ఒక చిన్న కంపెనీతో కలిసి పనిచేసి, వాళ్లకి వ్యాపార నీతి నియమాలు రాసిపెట్టాలి. వీళ్లు వెళ్లింది కారప్పొడులు, కందిపొడి చేసి అమ్మే చోటికి. నడిపేది ఒక పెద్దావిడ.

మొదటిరోజే ల్యాప్‌టాప్ తెరిచి నీతి గురించి గంటసేపు చెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, ప్యాకింగ్ బల్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఖాళీ కవరుని కాటా మీద పెట్టి, జీరో చేసి, ఆ తర్వాతే పొడి పోశారు. "కవరు బరువుకి కూడా డబ్బులు తీసుకుంటే కస్టమర్ కనిపెట్టలేడు బాబూ. కనిపెట్టలేడు కాబట్టే మనం చూసుకోవాలి" అన్నారు.

నెల తర్వాత రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది. అందులో 100 మంది కస్టమర్ల సర్వే ఉండాలి. వీళ్లు నిజంగా అడిగింది 38 మందిని. మిగతా 62 ఫారాలూ హాస్టల్ రూమ్‌లో కూర్చుని ఒక్క రాత్రిలో నింపేశారు. "అందరూ చేసేదేగా!"

రిపోర్టు చూసి ఆవిడ ఎంత సంతోషించారో! "వెల్లుల్లి లేని పొడి ఇంతమంది అడుగుతున్నారా? రేపే కొత్త కవర్ల ప్రింటుకి అడ్వాన్స్ కట్టేస్తాను" అన్నారు.

ఆ రాత్రి ఆ అమ్మాయికి నిద్ర పట్టలేదు. వీళ్లకి అది మార్కుల లెక్క. ఆవిడకి అది చేతిలో ఉన్న డబ్బు. తెల్లారగానే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే తల్లీ, 38 అనే రాయండి. ఆ 38 మందీ నిజమే కదా" అన్నారు. మార్కులు తగ్గాయి. ఫ్రెండ్స్‌లో ఒకరు నెలరోజులు మాట్లాడలేదట.

కథ అక్కడితో అయిపోలేదు. మళ్లీ శ్రద్ధగా లెక్కలు చూస్తే, మిరపకాయలు పట్టే చిన్న మిల్లుకి ఆవిడ మూడు నెలలుగా డబ్బులివ్వలేదని తెలిసింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా అలాంటివాళ్లకి 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఈసారి స్టూడెంట్స్ భయపడుతూనే చెప్పారు. ఆవిడ ఏమన్నారో తెలుసా? "కొనేవాడికి సరిగ్గా తూస్తున్నాను కదా అని ధీమాగా ఉన్నాను. ఇచ్చేవాడి వైపు చూసుకోలేదు." వారంలో బాకీ తీర్చేశారు.

తులాధారుడి మాట మళ్లీ గుర్తుచేసుకోండి. అమ్మేటప్పుడే కాదు, కొనేటప్పుడు కూడా. త్రాసుకి రెండు పళ్లాలుంటాయి!

జాజలి తపస్సు తక్కువదేం కాదండీ. "సాధించేశాను" అనుకోవడం దగ్గరే ఆయన ఆగిపోయాడు. స్టూడెంట్స్ "మాకు తెలుసు" అనుకుని వచ్చారు. ఆవిడ "నేను కరెక్టే" అనుకున్నారు. ఇద్దరూ ఒకరి ముందు ఒకరు తప్పు ఒప్పుకున్నాకే అసలు ప్రాజెక్టు మొదలైంది. పొడి పోసేముందు కవరు బరువు తీసేసినట్టు, "నేను మంచివాణ్ణి" అనే బరువు తీసేసి కాటా జీరో చేసుకోవాలి. అది కూడా రోజూ.

ఈ వారం మనం చెయ్యాల్సినవి రెండే. ఎవరూ చెక్ చెయ్యని చోట మీరు రాసిన ఒక అబద్ధాన్ని సరిదిద్దండి. రెజ్యూమేలో కలిపిన అనుభవం కావచ్చు, ఆఫీసులో పెట్టిన ట్రావెల్ బిల్లు కావచ్చు. రెండోది, మీరు "తర్వాత ఇద్దాంలే" అనుకున్న డబ్బు ఒకటి ఇచ్చెయ్యండి. పనిమనిషికో, ఇస్త్రీ అబ్బాయికో, ఫ్రెండ్‌కో.

దీపం పెట్టేముందు ఈ రెండూ పూర్తి చేసి చూడండి. ఆ రోజు పూజలో మనసు ఎలా నిలిచిందో కామెంట్లో చెప్పండి.

శుభమస్తు.