మెతుకు పట్టి చూచుట

సూరత్ నగరపు దక్షిణ భాగమున నున్న ఆల్థాన్ వీథిలో చీకటిపడిన పిమ్మట, దూరపు దీపమును పలుచని చీరకొంగు గుండా చూచినవారికి ఒక వింత కనబడును. దీపము ఒక్కటిగా నుండదు. నిలువునను అడ్డమునను చుక్కలు బారులు తీరును. వాని అంచులలో రంగులు తేలును. సెంటీమీటరునకు నలుబది పోగులున్న వస్త్రమైనచో, ఏబది మీటర్ల దూరపు దీపము ప్రక్కన ఈ చుక్కలు సుమారు పది సెంటీమీటర్ల ఎడముతో నిలిచినట్లు తోచును. ఆ నగరపు మగ్గములపై పని చేయువారిలో తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలీలును కలరు. పోగుల లెక్క వారికి క్రొత్త కాదు. వెలుతురు కూడ ఆ లెక్క చదువుననుటయే వింత.

1785 ప్రాంతమున ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ వీథిదీపమును పట్టు రుమాలు గుండా చూచి ఇట్టిదే గమనించెను. రుమాలును అటునిటు కదపినను ఆ చారలు కదలలేదు. కారణమేమని ఆయన డేవిడ్ రిట్టెన్‌హౌస్‌ను అడుగగా, ఆయన సన్నని మరల గాడులలో వెండ్రుకలను వరుసగా బిగించి పరీక్షించెను. కంటికి కనబడునది పోగు కాదు, పోగుకును పోగుకును నడుమనున్న ఎడము. అందుచేతనే పోగు కదలినను చార కదలదు.

వివర్తనమును కంప్యూటరుపై లెక్కించువారు ఈ గుణమునే ఆధారము చేసికొందురు. గ్రేటింగునందు వేల గాడులున్నను వారు లెక్కించునది ఒక్క గాడినే; తక్కినవన్నియు అట్టివే యని తలంతురు. అన్నము ఉడికినదో లేదో యని ఒక్క మెతుకు పట్టి చూచు ఇల్లాలి పద్ధతియే ఇది. అయితే ఆమె మెతుకును నమ్ముటకు ముందు పొయ్యిని ఎరుగును. మంట ఒక ప్రక్కకే తగులుచున్నచో రెండవ మెతుకును కూడ పట్టును.

ఒక్క మెతుకును లెక్కించుట యైనను తేలిక కాలేదు. 1907లో రేలీ ప్రభువు, గాడి పైన చెల్లు తరంగరూపము గాడి లోపలను చెల్లునని తలచెను. లోతు తక్కువైనచో అది సరిపోవును. వాలు ఒక హద్దు దాటినచో చెల్లదని 1966లో పెటీ, కాదియాక్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపిరి. 1981లో మోహరమ్, గేలార్డు ప్రకటించిన పద్ధతి మిక్కిలి వాడుకలోనికి వచ్చెను. కాని లోహపు గ్రేటింగుపై, అయస్కాంత క్షేత్రము గాడుల వెంబడి నున్నపుడు, ఎన్ని పదములు కూర్చినను ఫలము ఒకచోట కుదురుకొనుటకు మొరాయించెడిది. లోహపు స్వభావమే అంత యని ఊరకుండుట సులభము. 1996లో కొందరు, ముఖ్యముగా లాలాన్, మోరిస్, గ్రానే, గిజాల్, ఆ పద్ధతిని సరిదిద్దిరి. లీ దానికి గణిత కారణము చెప్పెను. దోషము లోహమునందు లేదు. గాడి అంచున రెండు రాశులును ఒక్కమారుగా తెగి, వాని లబ్ధము మాత్రము తెగకుండును. అట్టిచోట, మధ్యలో ఆపివేసిన శ్రేణులను మామూలు రీతిని గుణింపరాదు. పదునైదేండ్లు ప్రకృతికి అంటగట్టదగినట్లు కనబడిన మొండితనము గుణకారములోనిదని తేలెను.

ఇచట ధర్మప్రశ్న ఒకటి కలదు. ఫలము కుదురుకొన్నంత మాత్రమున లెక్కించినవాడు సత్యమును ఎరిగినట్లేనా? లెక్క అబద్ధమాడదు, 'అన్నియు సమానమైనచో' అని అది ముందే చెప్పును. ఆ 'అయినచో'ను జారవిడుచువాడు మనుష్యుడు. పందొమ్మిదవ శతాబ్దము చివర బాల్టిమోరులో హెన్రీ రోలండు గొప్ప గ్రేటింగులను గీయించెను. గీత గీయు మర తిరిగినప్పుడెల్ల మరల మరల వచ్చు చిన్న లోపమువలన, నిజమైన వర్ణరేఖల ప్రక్కన లేని రేఖలు పుట్టెడివి. వానికి దయ్యములని పేరు. ఎరుగనివాడు వానిని ఏదో క్రొత్త పదార్థపు గుర్తులని పొరబడవచ్చును. ఒక్క గాడిని ఎంత నిర్దుష్టముగ లెక్కించినను ఆ దయ్యములు అందు కానరావు.

మగ్గముపై పడుగులో ఎచటనో ఒక్క పోగు తెగినచో దీపపు చుక్కలకు చెప్పుకోదగిన హాని లేదు. ప్రతి పదియవ పోగును రవంత ప్రక్కకు ఒరిగినచో, పాత చుక్కల నడుమ మసకగా క్రొత్తవి మొలచును. కొంగును ఎంత కదపినను అవియు కదలవు.