వేదనకూ తృష్ణకూ నడుమ

అమ్మడూ,

మానవ చైతన్యం మెట్టుమెట్టుగా పైకెదుగుతోందని, ధ్యానం చేస్తే ఆ పై మెట్టు నీకూ అందుతుందని మొన్న ఫోన్లో ఎంతో ఉత్సాహంగా చెప్పావు. బుద్ధుణ్ణి చదువుతున్నావని విని నాకెంతో సంతోషమైంది. కానీ ఆ మెట్ల మాట దగ్గర కాస్త ఆగు తల్లీ.

బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో సాతి అనే భిక్షువు కథ ఉంది. జాలరి కొడుకు. ఒకే విజ్ఞానం, అంటే నువ్వనే చైతన్యమే, ఏ మార్పూ లేకుండా జన్మజన్మలకూ సాగిపోతుందని, బుద్ధుడు చెప్పింది అదేనని పట్టుబట్టాడు. తోటి భిక్షువులు ఎంత నచ్చజెప్పినా వినలేదు. చివరికి బుద్ధుడే పిలిపించి, నేనెవరికి అలా బోధించానని గట్టిగా మందలించాడు. కన్నూ రూపమూ కలిస్తే కంటి విజ్ఞానం, చెవీ శబ్దమూ కలిస్తే చెవి విజ్ఞానం; కట్టెతో మండితే కట్టెమంట, పిడకతో మండితే పిడకమంట అన్నట్టే ఇదీనని విడమరిచాడు. కారణం ఉంటే పుడుతుంది, లేకుంటే లేదు. సాతి మాట పెగలక తల వంచుకుని కూర్చుండిపోయాడు. ఆ మందలింపంటే నాకు చాలా ఇష్టం. మనలో ఏదో మహా చైతన్యం దాగి ఉందన్న ఊహ తియ్యగానే ఉంటుంది, ఇట్టే అహంకారంగానూ మారిపోతుంది.

మరి మనిషి మారడా? మారతాడు. ఎక్కడ మారగలడో కూడా బుద్ధుడే చూపించాడు. దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పన్నెండు కారణాల గొలుసు, ద్వాదశ నిదానాల్లో ఏడోది వేదన, ఎనిమిదోది తృష్ణ. స్పర్శ వెంటే సుఖమో, దుఃఖమో, రెండూ కానిదో ఒక అనుభూతి పుడుతుంది, అదే వేదన. దాన్ని మనం ఆపలేం. దాని వెనకే ఇంకా కావాలనో, వద్దు పొమ్మనో మనసు ఎగబడుతుందే, ఆ తృష్ణను ఆపగలం.

ఇలా అనుకో: రాత్రి పడుకోబోతుంటే ఫోను మోగుతుంది. ఆఫీసు గ్రూపులో ఎవరో నీ పనిని తప్పుపడుతూ రెండు ముక్కలు రాస్తారు. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, బొటనవేలు అప్పటికే జవాబు వెతుక్కుంటూ ఉంటుంది. ఆ వేలు కదిలేలోపు చెవుల్లోని వేడిని గమనించు. ఊపిరి ఎక్కడ బిగపట్టావో చూడు. కోపం వచ్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. ద్వేషంతో ఉన్న మనసును అలాగే తెలుసుకోమనే బుద్ధుడి ధ్యాన బోధ సతిపట్ఠాన సుత్తం కూడా చెబుతుంది. ఆ వేడి పెరుగుతుంది, కాసేపటికి తగ్గుతుంది. అది తగ్గడం స్వయంగా చూశాక నువ్వు రాసే జవాబే వేరు. చైతన్యం ఎదగడమంటే నాకు తెలిసినంతలో ఇదే. డార్విన్ చెప్పిన పరిణామంలా ఇది తరం నుంచి తరానికి సంక్రమించదు. ఈ తాత సాధన నీకు రాదమ్మా, నీది నువ్వే చేసుకోవాలి.

ఇంకో మాట. లోపలికి చూసుకోవడమంటే లోకాన్ని వదిలెయ్యడమనుకోకు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధం స్వీకరించింది మనిషిని మనిషిగా చూడని వ్యవస్థను కాదనడానికి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడతో నీ గొంతు మెత్తబడకపోతే, ఎన్ని గంటలు కళ్లు మూసుకుని కూర్చున్నా దండగే.

హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ దారిలో ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం ఉంది. అక్కడ ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలు పెడతారు. రుసుము లేదు. ఫోను అప్పగించి మౌనంగా ఉండాలి. మొదటి 3 రోజులూ శ్వాసను గమనించడమే పని. ఒకసారి వెళ్లిరా. వింత అనుభవాల కోసం మాత్రం వెళ్లకు. అందాకా రోజూ పొద్దున్నే ఫోను ముట్టుకోకముందు ఓ పావుగంట కూర్చో, అమ్మా. ఈ తాత మాట కాదనకు.