ముందుచూపు

విమానం దిగబోతుంటే రన్‌వే మీద ఏదో అడ్డు కనిపించిందనుకోండి. మళ్ళీ పైకి లేపడానికి పైలట్ లీవరు ముందుకు తోస్తాడు. ఇంజను వెంటనే శక్తినంతా ఇచ్చేస్తుందనుకుంటాం కదూ? ఇవ్వదు. కొన్ని సెకన్లు తీసుకుంటుంది. దాదాపు పూర్తి శక్తి అందుకోవడానికి 5 సెకన్లు మించకూడదని అమెరికా వాళ్ళ నిబంధన కూడా ఉంది. అడిగిన ఇంధనమంతా ఒక్కసారిగా కుమ్మరిస్తే లోపల గాలి వెనక్కి తన్ని ఇంజను ‘ఢాం’మంటుంది, లేదా టర్బైను రెక్కలు మాడిపోతాయి. అందుకే పైలట్‌కీ ఇంజనుకీ మధ్య ఒక కంప్యూటరు, కొట్టుగది తాళం బొడ్లో దోపుకున్న అత్తగారిలా కూర్చుని, ఆచితూచి పోస్తుంది.

దానికి ముందుచూపు నేర్పే పద్ధతి ఒకటుంది. చమురుశుద్ధి కర్మాగారాల్లో 1970 దశకంలోనే వాడుకలోకి వచ్చింది. జెట్ ఇంజన్లకి పనికొచ్చేలా చేయాలని ఇంజనీర్లు ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నారు. ఇంజను నమూనా ఒకటి లెక్కల రూపంలో కంప్యూటర్లో ఉంటుంది. వేడీ వేగం హద్దు దాటకుండా రాబోయే క్షణాల్లో ఎప్పుడెంత ఇంధనం పోయాలో దాన్నిబట్టి వరసగా పథకం వేసుకుంటుంది. వేసుకుని, అందులో మొదటి అడుగు మాత్రం అమలుచేసి మిగతాదంతా పారేస్తుంది! ఇంజను ఇప్పుడెలా ఉందో కొలిచి, మళ్ళీ మొదటినుంచి లెక్క. సెకనులో ఎన్నోసార్లు ఇదే తంతు.

ఆ పారెయ్యడం దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా అమ్మాయి గురించి నేను వేసిన పథకం దాని పదో ఏటిది. బి.కాం. చదవాలి, బ్యాంకులో చేరాలి, మా వీధికి దగ్గర్లో కాపురముండాలి. బ్యాంకు దాకా అంతా సరిగ్గానే నడిచింది. పోయినేడు, ‘‘అమ్మా, ఉద్యోగం మానేసి, చెవులు వినబడని పిల్లలకి పాఠాలు చెప్పడం నేర్చుకుంటా’’నంది. ‘‘నీకంత ఓపికెక్కడిదే?’’ అన్నాను. ఆ ఓపిక లేని పిల్ల నా నమూనాలోనే ఉంది. నా ఎదురుగా నిలబడ్డది, మూడేళ్ళు మంచానపడ్డ నాయనమ్మకి అన్నం కలిపి తినిపించిన పిల్ల. ఇంజను కూడా అరుగుతుంది, మారుతుంది. కొత్తలో గీసుకున్న నమూనాని సరిదిద్దుకోకపోతే లెక్కలన్నీ తప్పుతాయిట.

అలాగని పిల్లలు అడిగిందల్లా ఆ క్షణానే ఇచ్చేయాలా? అదీ కాదు. జీతం లేకుండా ఎలా గడుస్తుందని అడగడం నా హక్కే. ఆ కంప్యూటరూ ‘కాస్త ఆగు’ అంటుంది. కానీ విమానం ఎటు వెళ్ళాలో ఎన్నడూ చెప్పదు. నేను ఆగమనే వంకతో దారే మార్చుకోమన్నాను. ప్రేమతోనే అన్నాను, ఏమాటకామాట.

ఇవాళ పొద్దున అది దరఖాస్తు ఫారం బల్లమీద పెట్టి స్నానానికెళ్ళింది. ఎన్నాళ్ళ కోర్సో, ఫీజెంతో చూద్దామని కళ్ళజోడు వెతుక్కుంటున్నాను.